కుప్పం నుంచి తెచ్చిన సెల్ఫు

ఆ రోజుల్లో మా మదనపల్లెలో బీటెక్ చదివినవాడికి రాని పనంటూ ఉండేది కాదు. అంటే మాకు వచ్చని కాదు, వచ్చని ఊరంతా నమ్మేదని. నేను చదివింది కంప్యూటర్లు. అది కూడా ఎంత చదివానో నాకూ నా మార్కుల జాబితాకూ మాత్రమే తెలుసు. అయినా మా వీధిలో మిక్సీ తిరక్కపోయినా, బోరు మోటారు నీళ్ళు పోయకపోయినా, ఆఖరికి ఎదురింటి తాత వినికిడి మిషను కూతలు పెట్టినా, "ఇంజనీరుండాడు గదా, పిలవండి" అనేవారు. నేనూ వెళ్ళేవాణ్ణి. చేతులు వెనక్కి కట్టుకుని ఆ వస్తువు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "లోపల కాయిల్ పోయినట్టుంది" అనేవాణ్ణి. (వినికిడి మిషనుకు కూడా అదే చెప్పాను.) ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఇరవై మూడేళ్ళ వయసులో, ఒక ఇంటర్నెట్ సెంటర్లో పిల్లకాయలకు హాల్ టికెట్లు ప్రింటు తీసిచ్చే ఉద్యోగం చేసుకుంటూ, అప్పనంగా వచ్చిన ఆ గౌరవాన్ని వదులుకునేంత నిజాయితీ నాకు లేదు. ఆ గౌరవమే నా భుజాన బియ్యం సంచి వేసి మూడూళ్ళు తిప్పింది.

మా నాన్నకు ఎరువుల అంగడి ఉండేది. అప్పటికి రెండేళ్ళ ముందు ఆయన పాత తెల్లకారు ఒకటి కొన్నాడు. ఏ కంపెనీదో చెప్పను, ఆ రకం కార్లు తయారు చేయడం ఆపేసి చాలాకాలమైంది, పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. కారు బాగానే పరిగెత్తేది, కాకపోతే బయలుదేరేది కాదు. తాళం తిప్పగానే ఇంజన్ని తట్టి లేపే మోటారు ఒకటుంటుంది, దాన్ని అందరూ సెల్ఫు అంటారు. మా కారుకు అదే జబ్బు. అందుకని రోజూ పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టీరింగు ముందు కూర్చునేవాడు. నేను వెనక చేరేవాణ్ణి. టమోటా మార్కెట్లో పని ముగించుకుని వచ్చే హమాలీలు తమంతట తామే బుట్టలు దించి, "పట్టండప్పా, అన్న అంగడి తెరవాల" అంటూ తోసేవారు. నలుగురం తోస్తే వీధి మలుపులో దగ్గి, పొగ వదిలి, స్టార్టయ్యేది. నాన్న వెనక్కి తిరిగి చూడకుండా చెయ్యి మాత్రం బయటపెట్టి ఊపేవాడు. ఇదంతా మాకు అలవాటైపోయి, కార్లన్నీ ఇలాగే బయలుదేరతాయన్న నమ్మకంలో ఉండేవాళ్ళం.

అదే సమయంలో మా అక్క తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి. ఒక గురువారం పొద్దున, కోడల్ని చూసి పోదామని కలికిరి నుంచి అక్క వాళ్ళ అత్తగారు వచ్చింది. ఆవిడ పొడగరి, మాట తక్కువ, చూపు ఎక్కువ. రిక్షా దిగేసరికి మేము కారు తోస్తున్నాం. ఆవిడ అలాగే సంచి పట్టుకుని నిలబడి, కారు మలుపు దాటేదాకా చూసి, లోపలికొచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా అడిగింది.

"వదినా, నొప్పులొస్తే ఆస్పత్రికి ఎట్ల పోతారు?"

"కారుండాది గదా వదినా, వాకిట్లోనే" అంది మా అమ్మ.

"సూసినాలే. మా కోడలే దిగి తొయ్యాలనా?"

ఆటో పిలవొచ్చు గదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. "కారున్నోళ్ళం ఆటోలో పోతే అంగడి కాడ నలుగురేమంటారు?" అని నాన్న అప్పటికే పదిసార్లు అని ఉన్నాడు. అత్తగారు అవేమీ వినలేదు. ఆవిడ తీర్పు అప్పటికప్పుడే వచ్చేసింది. "ఆదివారం మల్లా వస్తా. తాళం తిప్పితే కారు పలికిందంటే పిల్లని ఈడనే పెడతా. లేదంటే నా ఎంబడి కలికిరికి పిల్చకపోతా. మా ఊర్లో పెద్దాస్పత్రి లేకపోయినా, తోసే పని లేదు."

తొలి కాన్పు పుట్టింట్లో జరగకపోతే మా వైపు ఆడపిల్లకు ఎంత చిన్నతనమో, పుట్టింటివాళ్ళకు ఎంత తలవంపో చెప్పనక్కరలేదు. అదలా ఉంచితే, మా అక్కకు భయంగా ఉండింది. పైకి చెప్పేది కాదు. అత్తగారు వెళ్ళాక నా దగ్గరికొచ్చి, "రే, నాకు అమ్మ కాడనే కావాలరా. ఎట్లన్నా చెయ్యి" అని ఒక్క మాట అంది. అక్క నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. చిన్నప్పటి నుంచీ నా కొట్లాటలన్నీ తనే కొట్లాడింది. ఆ మాట విన్నాక నాకు మొదటిసారి నా చదువు మీద కోపం వచ్చింది.

మా మెకానిక్‌ని అందరూ భాయ్ అనేవారు. ఆయన ఎప్పుడూ ఏదో ఒక కారు కింద పడుకునే మాట్లాడేవాడు కాబట్టి, ముఖం కంటే ఆయన పాదాలు నాకు బాగా గుర్తు. ఆ పాదాలు కదిలించి చెప్పాడు. "సెల్ఫు అయిపోయినాది ఇంజనీరూ. రిపేరు చేసి చేసి, దాంట్లో ఇంగ రిపేరు చేసేదానికి ఏమీ మిగల్లేదు. వేరేది ఎత్తుకోని రా, అర్ధగంటలో కూర్చోబెడతా." నేను ఎంతో ధైర్యంగా బస్టాండు రోడ్డులో ఉన్న స్పేర్ పార్టుల అంగడికి వెళ్ళి, కౌంటరు మీద చెయ్యి ఆనించి, సెల్ఫు కావాలన్నాను. అంగడాయన మాడల్ అడిగాడు, చెప్పాను. "ఎన్ని పండ్లు?" అన్నాడు. సెల్ఫు కొసన చిన్న పళ్ళ చక్రం ఒకటుంటుందనీ, ఆ పళ్ళు లెక్కపెట్టుకోకుండా ఎవడూ సెల్ఫు కొనడానికి రాడనీ అప్పటికి నాకు తెలియదు. నేను కౌంటరు మీది చెయ్యి తీసేయడం చూసి ఆయనే సాయం చేశాడు. "తొమ్మిదా, పదకొండా?"

"పది" అన్నాను. రెంటికీ మధ్యలో ఉంటే తప్పు సగమే అవుతుందని.

"పది పండ్లది ఈ భూమ్మీద లేదు సార్" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. "పాతది ఇప్పించి శాంపిలు ఎత్తుకోని రాప్పా. దాని పక్కన పెట్టి సూసుకోవాల."

తిరిగి వెళ్ళి, భాయ్ చేత పాత సెల్ఫు విప్పించి, బియ్యం సంచిలో వేసుకుని (తొమ్మిది పళ్ళు, మూడుసార్లు లెక్కపెట్టాను) మళ్ళీ వచ్చాను. కొత్తది తన దగ్గర లేదు, బెంగళూరు నుంచి రావాలి, వారం పది దినాలు పడుతుందన్నాడు. ఆదివారం లోపల కావాలన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన నా వైపు కొంచెం జాలిగా చూసి, "అట్లయితే పాతది సూసుకో. పుంగనూరులో గుజిరీ అంగడుండాది. బండ్లు ఇప్పి అమ్ముతాడు" అన్నాడు. ఈ కబురు ఇంట్లో చెప్పగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ పాత గిన్నె కొన్నా అది ఎవరింటిదో అడిగే కొనేది. "పాతదంటే పాతదే గానీ నాయనా, మనుషులు పోయిన బండిది మాత్రం తేవద్దు. కడుపుతో ఉండే పిల్ల ఎక్కాల. ఎవురిది, ఏ ఊరిది, ఆ బండి ఎట్ల పోయింది, సంబంధానికి అడిగినట్ల అన్నీ అడిగి తీసుకో" అని ఒట్టు వేయించుకుంది.

శుక్రవారం పొద్దున్నే పుంగనూరు బస్సెక్కాను. సెల్ఫు మోటారు బరువెంత ఉంటుందో బీటెక్‌లో చెప్పరు. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే ప్యాంటుకు గ్రీసు, కింద పెడితే ఎవరో ఒకరి కాలి బొటనవేలికి దెబ్బ. కండక్టరు సంచిని వేలితో పొడిచి "ఏమిది?" అన్నాడు. "సెల్ఫు" అన్నాను. "బ్యాటరీ కూడా తెచ్చుకునింటే బస్సుకు పెట్టుకుందుము గదప్పా" అని నిట్టూర్చి ముందుకు వెళ్ళిపోయాడు.

పుంగనూరు గుజిరీ ఆయన సన్నగా, ఆకువక్క నములుతూ, ఇంజన్ల మధ్యలో చాప పరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ఆయనను నిజాలప్ప అంటారని పక్క టీ అంగడివాడు ముందే చెప్పాడు. అది మెచ్చుకోలో, హెచ్చరికో నాకు అప్పుడు తెలియలేదు. నా శాంపిలు చూడగానే లేచి, గుట్టలోంచి ఒక సెల్ఫు లాగాడు. వేలితో ఒక్కొక్క పన్నే తడుతూ తొమ్మిది వరకు పైకే లెక్కపెట్టాడు. బ్యాటరీకి తగిలిస్తే గిర్రున తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతటితో తీసుకుని వెళ్ళిపోయి ఉంటే ఈ కథే లేదు. కానీ అమ్మకు ఒట్టు వేశాను కదా, అడిగాను.

"మామా, ఇది ఏ కారుది? ఎట్లా వచ్చింది?"

"ఎట్లొస్తాదప్పా? పలమనేరు రోడ్డులో లారీ కింద దూరినాది. ముందర కూర్చోనుండే ఇద్దురూ ఆడికాడికే..." అని ఆకాశం వైపు చూశాడు.

నేను సెల్ఫును మెల్లగా కింద పెట్టాను. "నువ్వు ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది మామా."

"నువ్వు అడక్కుండా ఉండాల్సింది. మా పుంగనూరులో ఆవులు పొట్టివి. అబద్ధాలు వాటికన్నా పొట్టివి, దూరం పోలేవు." అక్క సంగతి చెప్పాక ఆయన బేరం మళ్ళీ ఎత్తలేదు. "కుప్పంలో సరోజమ్మ అంగడికి పో. ఇదే మాడల్ మొన్న ఒకటి ఇప్పిందని ఇన్నా. బిన్నా పో, ఇప్పుడే బస్సుండాది" అన్నాడు. ఈ రాతలో అసలు పేరున్నది ఆ సరోజమ్మకొక్కదానికే. ఎందుకో చివరికి తెలుస్తుంది.

కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అంగడి వెతుక్కోనక్కరలేకపోయింది, రోడ్డు మీదికే వినపడుతోంది. సరోజమ్మకు యాభై ఉంటాయి. చీర మీద మగవాళ్ళ చొక్కా, దారంతో చెవులకు కట్టుకున్న కళ్ళద్దాలు, చేతిలో స్పానరు. పనివాణ్ణి తమిళంలో తిడుతూ, ఫోనులో ఎవరితోనో కన్నడంలో బేరమాడుతూ, నన్ను తెలుగులో "రాప్పా, కూర్చో" అంది. మూడు రాష్ట్రాలు కలిసే చోట అది వింత కాదు గానీ, మూడూ ఒకే ఊపిరిలో వినడం నాకదే మొదలు. నేను శాంపిలు బయటకు తీసి, నేర్చుకున్న విద్య ప్రదర్శిస్తూ "తొమ్మిది పండ్లు" అన్నాను.

"ఇంజనీరువా?"

"ఎట్లా కనుక్కున్నారు?"

"పండ్లు లెక్క పెట్టినావు. పక్కన ఇంత పగులుండాది, అది సూడలా."

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక సెల్ఫు తెచ్చి నా చేతుల్లోనే పెట్టి, "గట్టిగా పట్టుకో" అని బ్యాటరీ తీగలు తాకించింది. అది ఒక్కసారి ఎగిరింది, నేనూ ఎగిరాను. మంచి సెల్ఫని ఒప్పుకున్నాను. తర్వాత అడగాల్సింది అడిగాను, ఇది ఎవరి కారుది, ఆ కారుకు ఏమైంది అని. సరోజమ్మ స్పానరు కింద పెట్టింది. "ఏంటికప్పా?" అంది. అక్క సంగతి, అత్తగారి సంగతి, అమ్మ వేయించుకున్న ఒట్టు, అంతా చెప్పాను.

"ఇదో సూడు. నా కాడికి బండ్లు వచ్చేదే సచ్చినాక. ఎట్ల సచ్చినాయని నేను అడిగితే వాళ్ళకి బేజారు, చెప్తే నాకు బేజారు. ఇనుముకి పాపమూ పున్నెమూ యాడుండాది? తిరిగితే తిరగతాది, లేకుంటే లేదు." కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "ఎన్నో నెల? తొలి కాన్పా?" అంది. అవునన్నాను. ఆవిడ సెల్ఫును నా చేతిలోంచి మళ్ళీ తీసేసుకుంది. ఇవ్వదేమోననుకున్నాను. ఇవ్వకపోగా అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుని దాన్ని విప్పేసి, కిరసనాయిలుతో కడిగి, లోపల కరెంటు అందించే అరిగిన కార్బన్ బ్రష్షులు తీసి పారేసి, డబ్బాలోంచి కొత్తవి వేసి, మళ్ళీ బిగించింది. గంట పట్టింది. ఈలోగా వచ్చిన ముగ్గురు కొనుగోలుదార్లను "ఉండండప్పా, ఈడ కాన్పు పని జరగతా ఉండాది" అని నిలబెట్టింది. ఇచ్చేముందు సిగరెట్ పెట్టె అట్ట చింపి, దాని మీద వంకర అక్షరాలతో రాసిచ్చింది. 'సెల్ఫు 1. వారం గ్యారంటీ. సరోజమ్మ, కుప్పం.' "వారం లోపల తిరక్కపోతే ఎత్తుకోని రా. వారం దాటినాక నన్ను అడగొద్దు, దేవుణ్ణి అడుగు" అంది. అట్టను ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో సంచి ఒకటి బరువు, అమ్మకు ఏం చెప్పాలన్నది ఇంకొకటి. 'తెలియదు' అంటే ఆ సెల్ఫు మా గడప తొక్కదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు, కాన్పుకు ఎన్ని వరకు ఆడొచ్చో చెప్పి పోలేదు. నేను ఒకటితో సరిపెడదామనుకున్నాను. పలమనేరు దాకా ఒక రిటైర్డు హెడ్మాస్టరు కారనుకున్నాను. పుంగనూరు వచ్చేసరికి హెడ్మాస్టర్ల మీద నాకే నమ్మకం పోయింది. ఇంటి గేటు దగ్గర అమ్మ ఎదురొచ్చి, సంచి లోపలికి రానివ్వకుండా, "ఎవురిది నాయనా?" అన్నప్పుడు నా నోటికి వచ్చింది మాత్రం, "డాక్టరమ్మదమ్మా. కాన్పుల డాక్టరమ్మ. వయసైపోయిందని కారు అమ్మేసింది. ఆ కారు కోడిపిల్లని కూడా తొక్కలేదంట."

అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎన్ని కాన్పులు చేసిందో మహాతల్లి!"

"మూడు వేలు" అన్నాను. ఆ అంకె నన్నెవరూ అడగలేదు.

శనివారం భాయ్ సెల్ఫును సంచిలోంచి తీసి తిప్పి చూసి, "దీనికి పసుపు ఎవురు పూసినారు?" అన్నాడు. అమ్మ పూసిందన్నాను. ఆయన తుడవకుండా పసుపుతోనే బిగించాడు. నాన్న తాళం తిప్పాడు. కారు ఒక్క పిలుపుకే పలికింది. ఆపి మళ్ళీ తిప్పాడు, మళ్ళీ పలికింది. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఇంజనీరింగు పాసైనప్పుడు కూడా చూడలేదు. ఏడోసారి తిప్పబోతుంటే కారు కింద నుంచి భాయ్, "సార్, బ్యాటరీ కూడా బతకాల!" అని అరిచాడు. మర్నాడు పొద్దున హమాలీలు అలవాటుగా బుట్టలు దించబోతే, నాన్న చెయ్యెత్తి ఆపి, వాళ్ళందరికీ టీ చెప్పాడు.

ఆదివారం అత్తగారు వచ్చింది. నాన్న తాళం ఆవిడ చేతికే ఇచ్చి, "నువ్వే తిప్పు చెల్లెమ్మా" అన్నాడు. ఆవిడ కారులో కూర్చోవడమే తప్ప తాళం పట్టుకున్న మనిషి కాదు. రెండు వేళ్ళతో తిప్పింది. ఇంజను లేచేసరికి ఉలిక్కిపడి, తర్వాత సర్దుకుని, "కొత్తదా?" అంది. ఇక అమ్మను ఆపడం ఎవరి తరం? డాక్టరమ్మ కథంతా చెప్పేసింది. నేను చెప్పిన దానికి కొంచెం కలిపింది కూడా. అమ్మ చెప్పిన దాంట్లో డాక్టరమ్మ పేదవాళ్ళ దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. అత్తగారు అంతా విని నా వైపు తిరిగింది.

"ఏమప్పా ఇంజనీరూ, ఆయమ్మ పేరేమి?"

నా నాలుక మీద ఆ రెండు రోజులుగా ఉన్న పేరు ఒక్కటే. "సరోజమ్మ."

"యాడ?"

"కుప్పం."

"ఇప్పుడు యాడుండాది?"

"కుప్పంలోనే అత్తా."

(మూడింటికీ నిజమే చెప్పానని తర్వాత లెక్క చూసుకుని కొంత తృప్తిపడ్డాను.) అత్తగారు కారు బానెట్టుకు రెండు చేతులూ జోడించి, "అట్లయితే కాన్పు ఈడనే కానీండి. నేనూ ఉంటా" అని సంచి లోపల పెట్టింది. సాయంత్రానికి ఈ వార్త మా వీధి దాటింది. వెనక వీధి ఆవిడ నిండు చూలాలైన కోడల్ని పిలుచుకొచ్చి, "అయిదు నిమిషాలు కార్లో కూర్చోనిచ్చి పోతాం అన్నా" అని బతిమాలింది. నాన్న తలుపులు తీసి, సీటు దులిపి కూర్చోబెట్టాడు. మా అక్క మాత్రం వరండాలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, నా వైపు చూసి ఒకసారి నవ్వింది. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు.

నా భయం నాది. అది నిజంగా ఎవరు పోయిన కారుదో నాకు తెలియదు. నమ్మకాలు లేవనుకునేవాణ్ణి, అయినా అన్నం సయించేది కాదు. సమయానికి సెల్ఫు తిరక్కపోతే పోయేది మా పరువు మాత్రమే కాదు, డాక్టరమ్మను నమ్ముకుని ధైర్యంగా ఉన్న అక్క ప్రాణం కూడా. రోజుకు నాలుగుసార్లు బానెట్టు ఎత్తి చూసి, ఏమీ అర్థం కాక, మళ్ళీ మూసేవాణ్ణి. అటుగా వెళ్ళేవాళ్ళు, "ఇంజనీరుండాడు, ఇంగేం భయం" అనుకుంటూ పోయేవారు.

బుధవారం పదకొండు గంటలకు నొప్పులు మొదలయ్యాయి. నేను పరుగున వెళ్ళి అంగడి నుంచి నాన్నను తెచ్చాను. అక్కను వెనక సీట్లో అమ్మా అత్తగారూ చెరోపక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. నేను ముందు. నాన్న తాళం తిప్పాడు. చప్పుడు లేదు. హమాలీలు ఆ వేళకు ఉండరు. అప్పుడు వెనక నుంచి అమ్మ, అత్తగారు ఒకేసారి కళ్ళు మూసుకుని, "తల్లీ, సరోజమ్మా!" అని గట్టిగా మొక్కుకున్నారు. నేనూ మొక్కుకున్నాను. వాళ్ళ సరోజమ్మ తెల్లకోటులో ఉండి ఉంటుంది, నా సరోజమ్మ స్పానరు పట్టుకుని ఉంది. నాన్న రెండోసారి తిప్పాడు. కారు లేచింది. (మొదటిసారి కంగారులో ఆయన తాళం సగమే తిప్పాడని భాయ్ తర్వాత తేల్చాడు. ఆ మాట మా అమ్మ ఈ రోజుకీ నమ్మదు.)

దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చి కాసేపు ఆగాల్సి వచ్చింది. అక్క వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుంది. "రే, ఆ డాక్టరమ్మ ఎట్లుంటాదో చెప్పరా" అంది పళ్ళ బిగువున. కొత్తగా అల్లే ఓపిక నాకు లేదు. చూసిందే చెప్పాను. కళ్ళద్దాలు దారంతో కట్టుకుంటుందని, మూడు భాషల్లో తిడుతుందని, తొలి కాన్పా అని నీ గురించే అడిగిందని, మిగతావాళ్ళను నిలబెట్టి గంటసేపు నీ పనే చేసిందని, కొత్త బ్రష్షులు కూడా వేసిందని... అక్కడ నాలుక కరుచుకుని, "అంటే, ఆస్పత్రిలో" అన్నాను. "ఆస్పత్రిలో బ్రష్షులేంది నాయనా?" అంది అమ్మ. అక్క భుజాలు అదురుతున్నాయి. నొప్పికేమో అనుకుని నాకు ఏడుపొచ్చింది. మూడున్నరకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. బానెట్టు ఎత్తీ ఎత్తీ గ్రీసుతో నల్లబడిన నా చేతులు కడుక్కోమని నర్సు రెండుసార్లు చెబితే గానీ నాకు వినపడలేదు.

పేరు దగ్గర మళ్ళీ వచ్చింది చిక్కు. అత్తగారు రెండు మూడు దేవుళ్ళ పేర్లు అనుకుని ఉంది. అక్క మంచం మీద నుంచే, "సరోజ అని పెడతాం" అంది. అందరికంటే గట్టిగా వద్దన్నది నేనే. పాతపేరు, బళ్ళో పిల్లకాయలు ఎగతాళి చేస్తారు, ఇంకేదైనా చూడండి అని వాదించాను. "ప్రాణం పోసిన తల్లి పేరు పెట్టుకుంటే నీకేంటికి నొప్పి? గమ్మునుండు" అని అత్తగారు నా నోరు మూయించింది. అలా మా మేనకోడలు కుప్పం పాత ఇనుము అంగడి యజమానురాలి పేరు పెట్టుకుని పెరిగింది. నిజం చెబుదామని ప్రతి పుట్టినరోజుకూ అనుకునేవాణ్ణి. ఏడాదికేడాది అది ఇంకా బరువెక్కేది. వారం గ్యారంటీ ఇచ్చిన ఆ సెల్ఫు తొమ్మిదేళ్ళు తిరిగింది. నాన్న కారు అమ్మిన రోజున కూడా తాళం తిప్పగానే పలికి వెళ్ళిపోయింది.

సరోజకు ఇప్పుడు పన్నెండేళ్ళు. ఇంట్లో ఫ్యాను, రిమోటు, నానమ్మ గడియారం, ఏదీ విప్పకుండా వదలదు. తరగతిలో మిగతా అందరి పేర్లూ పలకడానికి టీచరుకు నోరు తిరగదు, దాని పేరొక్కటే చక్కగా వస్తుందని దానికి గర్వం. పోయిన నెల దాని బడి మార్పు కాగితాల కోసం నేను కలికిరి వెళ్ళాను. పుట్టిన సర్టిఫికెట్టు బీరువాలో పచ్చ ఫైల్లో ఉంది తీసుకోమంది అక్క. ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్టు వెనక ఇంకేదో దళసరిగా తగిలింది. లాగి చూస్తే సిగరెట్ పెట్టె అట్ట. మూలన గ్రీసు వేలిముద్ర. 'సెల్ఫు 1. వారం గ్యారంటీ. సరోజమ్మ, కుప్పం.'

నేను అట్ట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అక్క సంగటి కెలుకుతూ ఒకసారి చూసి, మళ్ళీ కెలకసాగింది.

"నీ ప్యాంటు జేబులో ఉండె. శనివారం ఉతికేదానికి ఏసేటప్పుడు సూసినా."

"అంటే... ఆదివారం మీ అత్త డాక్టరమ్మ పేరు అడిగేటప్పటికే నీకు తెలుసా?"

"ఊఁ."

"మరి కార్లో ఎందుకడిగినావు, ఎట్లుంటాదని?"

"నవ్వొస్తే నొప్పి తెలీదని" అంది. "నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు నీ చెవులు కదలతాయి. చిన్నప్పుడు నించీ అంతే."

"తెలిసి ఆ పేరెట్లా పెట్టినావక్కా?"

అక్క పొయ్యి ఆపింది. "మూడు వేల కాన్పులు చేసిన డాక్టరమ్మకి నేనెవురురా? ఈయమ్మ నన్ను సూడను కూడా సూడలా. నాకోసరం కూర్చోని కొత్త బ్రష్షులేసింది. నువ్వు మూడూళ్ళు మోసినావు. పెట్టాలంటే మీ ఇద్దరిలో ఒకరి పేరు పెట్టాల. ఆడపిల్లకి నీ పేరు బాగుండదు గదా" అని, సంగటి ముద్ద నా కంచంలో వేసింది.

నేను అట్టను మళ్ళీ సర్టిఫికెట్టు వెనకే పెట్టి ఫైలు కట్టేశాను. ఇంట్లో అందరినీ ఒంటిచేత్తో మోసం చేశానని పన్నెండేళ్ళుగా లోలోపల గర్వపడుతూ, భయపడుతూ బతికాను. తీరా చూస్తే ఆ అబద్ధం ఎవరి కోసం ఆడానో ఆ ఒక్క మనిషీ మోసపోనే లేదు. ఆ రాత్రి మదనపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, కుప్పం నుంచి వస్తూ ఒళ్ళో బియ్యం సంచితో, ప్యాంటు నిండా గ్రీసుతో, "హెడ్మాస్టరుదమ్మా... కాదు, డాక్టరమ్మదమ్మా..." అని గొణుక్కుంటూ ఉన్న ఆ ఇంజనీరు గుర్తొచ్చాడు. వాణ్ణి తిట్టాలనిపించలేదు. ఆ సంచి కాసేపు ఇలా ఇవ్వప్పా, నేను పట్టుకుంటానులే అనాలనిపించింది.